మెట్టు తొక్కితేనే కదిలే దారి: వీఆర్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంపు, ప్రాజెక్టు డైరీ

తిరుపతిలో ఒక చిన్న గ్రంథాలయం మేడ మీది గదిలో నడుస్తున్న ఏర్పాటు ఇది. వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే చుట్టూ దృశ్యం చూపించే తెర ఉన్న కళ్ళజోడు, పెట్టుకున్న మనిషి వ్యాయామానికి వాడే పెడల్ స్టెప్పర్ మీద నిలబడి తొక్కుతాడు. తొక్కిన మెట్ల లెక్కను బట్టి 360 డిగ్రీల దృశ్యం నేపాల్‌లోని లుక్లా నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంపు వైపు జరుగుతుంది. తొక్కడం ఆపితే దారీ ఆగుతుంది. బడిలోనో వృద్ధాశ్రమంలోనో ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని కొలతలు, ఖర్చులు, తీసి పక్కన పెట్టినవి దశలవారీగా రాస్తున్నాం.

కొండదారుల వీఆర్ వీడియోలతో పెద్ద చిక్కులు రెండు. ఎంత నిటారు ఎక్కుడైనా కళ్ళజోడులో చదునుగా కనిపిస్తుంది. నాలుగైదు నిమిషాలకే కడుపులో తిప్పుతుంది. బొమ్మ నాణ్యత పెంచినంత మాత్రాన ఈ రెండూ పోవు. మా శ్రమలో ఎక్కువ భాగం వీటికే పోయింది, ఈ డైరీలో కూడా.

దశ 1: ఫోను, అట్టపెట్టె

గూగుల్ కార్డ్‌బోర్డ్ తరహా అట్ట కళ్ళజోళ్ళు రెండు, చేతిలో ఉన్న ఫోన్లు. చవకలో మొదలుపెట్టాలంటే దారి ఇదే. ఆగిపోయిన చోట్లు:

1. జైరోస్కోప్ (ఫోను ఎటు తిరుగుతోందో కొలిచే సెన్సర్) లేని ఫోన్లు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి యాక్సెలరోమీటర్ (ఫోను వంపును పసిగట్టే సెన్సర్) మాత్రమే ఉంటుంది. తల పైకీ కిందికీ తిప్పితే బొమ్మ కదులుతుంది, పక్కకు తిప్పితే కదలదు, లేదా వణుకుతుంది. సెన్సర్లు చూపించే యాప్ ఒకటి వేసి ముందే చూసుకోవాలి.
2. వేడి. గదిలో 35 డిగ్రీలు ఉన్నప్పుడు, 4కె వీడియో పూర్తి వెలుతురులో ఆడిస్తే పది పన్నెండు నిమిషాలకు ఫోను తనంతట తానే వెలుతురు తగ్గించుకుని, బొమ్మ తడబడటం మొదలైంది. ఐఫోన్లకైతే వాడకానికి చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రతే 35. వైశాఖంలో తిరుపతిలో నీడపట్టునే అది దాటిపోతుంది.
3. దిశ జారడం. ఎదురుగా ఉండాల్సిన దారి మెల్లగా పక్కకు జరిగిపోతుంది. నిమిషానికి రెండు మూడు డిగ్రీలే అయినా, పది నిమిషాలకు మనిషి తెలియకుండానే గోడ వైపు తిరిగి ఉంటాడు.

ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. అట్టపెట్టెను రెండు చేతులతో ముఖానికి పట్టుకోవాలి. మెట్టు తొక్కే మనిషికి కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. అక్కడితో ఈ దారి వదిలేశాం.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 700

దశ 2: హెడ్‌సెట్, పిక్సెళ్ళ లెక్క

సెకండ్ హ్యాండ్ మెటా క్వెస్ట్ 2 హెడ్‌సెట్ తీసుకున్నాం. బరువు దాదాపు అర కిలో. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు తెల్లటి తెర పెట్టించి, రెండు కళ్ళలోనూ చుక్కలు, గీతలు ఉన్నాయేమో చూడాలి. కటకాల మీద సూర్యకాంతి పడితే అది భూతద్దంలా లోపలి తెరను కాల్చేస్తుంది. ఆ మచ్చకు మరమ్మతు లేదు. మా గదికి పడమటి కిటికీ ఉంది కాబట్టి ముందు మందపాటి పరదా కొని, ఆ తర్వాతే హెడ్‌సెట్ బయటికి తీశాం.

చాలామంది 4కె అనగానే టీవీలో చూసిన 4కె గుర్తు చేసుకుని మోసపోతారు. 360 వీడియోలో ఆ పిక్సెళ్ళు చుట్టూ పరుచుకుంటాయి. లెక్క ఇలా:

- 4కె (3,840 వెడల్పు): 3,840 ÷ 360 = డిగ్రీకి 10.7 పిక్సెళ్ళు
- 5.7కె (5,760): డిగ్రీకి 16
- 8కె (7,680): డిగ్రీకి 21.3

క్వెస్ట్ 2 తెర చూపించగలిగేది డిగ్రీకి సుమారు 20. అంటే 8కె దాటి పోయినా ఈ హెడ్‌సెట్‌లో లాభం లేదు, 4కె ఇస్తే సగమే వాడుకుంటున్నట్టు. కొండల విషయంలో ఇది ఎందుకు ముఖ్యమంటే, వంద మీటర్ల దూరంలో నడిచే 1.7 మీటర్ల మనిషి కంటికి దాదాపు ఒక డిగ్రీ ఎత్తు కనిపిస్తాడు. 4కె లో ఆ మనిషి పది పిక్సెళ్ళ గీత. 8కె లో ఇరవై ఒకటి, బరువు మోస్తున్నాడో లేదో తెలుస్తుంది. దూరాన చీమల బారులా కదిలే మనుషులు కనిపిస్తేనే ఆ కొండ ఎంతదో అర్థమవుతుంది. మనుషులు మాయమైతే ఎవరెస్టైనా మట్టిదిబ్బే.

హెడ్‌సెట్ 22,000, చెమట పీల్చని సిలికాన్ ముఖపు తొడుగు 700, పరదా 900.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 24,300

దశ 3: ఏ వీడియో పనికొస్తుంది

యూట్యూబ్‌లో నేరుగా చూసే 360 వీడియోలను మన మెట్ల లెక్కకు కట్టలేం, ఫైలు చేతిలో ఉండాలి. అందుకని తిరిగి వాడుకోవడానికి అనుమతి ఇచ్చిన లైసెన్సు ఉన్నవి, తీసినవాళ్ళకు రాసి ఒప్పించి తెచ్చుకున్నవి మాత్రమే తీసుకున్నాం. ఈ పనికి ఓపిక కావాలి, అడ్డదారి వద్దు.

అలిపిరి మెట్ల దారినే ఎందుకు తీయలేదని ఇక్కడ అందరూ అడుగుతారు. తిరుమల కొండ మీద డ్రోన్లు నిషేధం, షూటింగుకు తితిదే అనుమతి కావాలి. అన్నిటికీ మించి, మొక్కు తీర్చుకుంటూ మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళ ముఖాలు చుట్టూ తిరిగే కెమెరాలో పడతాయి. ఆ దారి మాకు కొలబద్దగా మాత్రం పనికొచ్చింది, ఎలాగో దశ 7లో ఉంది.

వీడియో ఎంపికలో జల్లెడ:

1. క్షితిజ రేఖ నిలకడగా ఉండాలి. హెల్మెట్‌కు బిగించి తీసినవి, నడకతో పాటు ఊగేవి వెంటనే పక్కన పెట్టాలి. ఖుంబూ మంచుపాతంలో (బేస్ క్యాంపు పైన పగుళ్ళతో నిండిన మంచుగడ్డల ఎక్కుడు) నిచ్చెన దాటే వీడియోలు చూడటానికి గొప్పగా ఉంటాయి, కానీ కెమెరా తల మీద ఉంటే చూసేవాడి తల ఒకవైపు, బొమ్మలోని తల మరోవైపు తిరుగుతుంది. తిప్పడం అక్కడే మొదలవుతుంది.
2. కెమెరా ఎత్తు 1.5 నుంచి 1.65 మీటర్లు.
3. కెమెరా తనంతట తాను పక్కకు తిరగకూడదు. తిరగాల్సింది చూసేవాడి తల.
4. ఒక్కో షాటు కనీసం 20 సెకన్లు. అంతకంటే ముందే కోత పడితే చుట్టూ చూసే లోపే చోటు మారిపోతుంది.
5. సంగీతం కలపని అసలు శబ్దం. గాలి హోరు, జడలబర్రెల మెడగంటలు, కంకర మీద బూట్ల చప్పుడు. ఇవి లేకుంటే వేరే చోట రికార్డు చేసినవి అతికించవద్దు, నిశ్శబ్దంగా వదిలేయండి.

రెండో అంశం దగ్గర కొంచెం ఆగాలి. రెండు కళ్ళకూ ఒకే బొమ్మ చూపించే 360 వీడియోలో లోతు ఉండదు. చూసేవాడి మెదడు నేల ఎంత కిందుగా ఉందో చూసి మిగతా కొలతలు ఊహించుకుంటుంది. పొడవాటి కర్రకు తగిలించి రెండున్నర మీటర్ల ఎత్తున తీస్తే, చూసేవాడు తనను తాను అంత పొడవు మనిషిగా అనుకుంటాడు. మెట్లు చిన్నబోతాయి, ఎక్కుడు తేలికైపోతుంది.

ఇది నిజమో కాదో కొలిచాం. గ్రంథాలయం వెనకాల ఉన్న బయటి మెట్లు 15 సెం.మీ. ఎత్తు, 30 సెం.మీ. వెడల్పు, అంటే వాలు 26.6 డిగ్రీలు. అరువు తెచ్చిన 360 కెమెరాతో వాటినే తీసి, హెడ్‌సెట్‌లో చూసినవాళ్ళను నడుము ఎత్తున బిగించిన ఒక చిన్న చెక్కను అరచేత్తో అదే వాలుకు వంచమన్నాం. చెక్క పక్కన కోణమానిని. వచ్చిన సగటు కొలతలు:

- కెమెరా 2.4 మీటర్ల ఎత్తున, పైకి చూస్తూ: 14 డిగ్రీలు
- 1.55 మీటర్ల ఎత్తున, పైకి చూస్తూ: 19
- అదే ఎత్తున, వెనక్కి తిరిగి కిందికి చూస్తే: 24

ఈ కొలత తర్వాత రెండు మార్పులు చేశాం. కంటి ఎత్తున తీసినవి తప్ప మిగతావి తీసేశాం. ప్రతి ఎక్కుడు చివరా చూసేవాడిని వెనక్కి తిరిగి కిందికి చూడమని చెప్పే ఒక ఆగుచోటు పెట్టాం. కొండ ఎక్కేవాళ్ళు నిజంగా చేసేదీ అదే.

దృశ్యగోళాన్నే పది డిగ్రీలు వంచి ఎక్కుడు చూపించే ప్రయత్నం కూడా జరిగింది. దీని జోలికి పోవద్దు. దృశ్యంలో ఇళ్ళూ చెట్లూ కూడా వంగిపోతాయి, పాదాలు చదునుగా ఉన్నాయని చెవిలోని సమతూక యంత్రాంగం చెబుతూనే ఉంటుంది. రెండు నిమిషాల్లో కుర్చీ అడుగుతారు.

ఖర్చు లేదు. ఇప్పటిదాకా: రూ. 24,300

దశ 4: మెట్టు

మొదట 18 మి.మీ. ప్లైవుడ్‌తో 15 సెం.మీ. ఎత్తు పెట్టె. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. కళ్ళు మూసిన మనిషికి ఇది ప్రమాదం. హెడ్‌సెట్‌లో కనిపించే మెట్టు, పాదం కింద ఉన్న మెట్టు ఒకే చోట ఉండవు. దిగేటప్పుడు మడమ పెట్టె అంచున పడుతుంది. రబ్బరు అంచు వేశాం, అంచుకు తాడు చుట్టి పాదానికి తెలిసేలా చేశాం. పాదం తడుముకోవడం తగ్గలేదు. తడుముకునే మనిషి దృశ్యం చూడడు, కాలి కిందే ధ్యాస ఉంటుంది.

బదులుగా వ్యాయామానికి అమ్మే రెండు పెడళ్ళ చిన్న స్టెప్పర్. పాదాలు పెడళ్ళ మీద నుంచి లేవవు, ఒకటి దిగితే రెండోది లేస్తుంది. అంచు అనేదే లేదు. అయితే దీనికీ ఒక లోపం ఉంది. లోపలి హైడ్రాలిక్ సిలిండర్లు పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా తొక్కితే వేడెక్కి మెత్తబడతాయి, పెడల్ కాలి కింద జారినట్టు పడిపోతుంది. సిలిండర్‌ను వేలితో తాకితే చురుక్కుమంటుంది. ఇద్దరు తొక్కాక పది నిమిషాలు చల్లారనివ్వాలి. దానికి ఎదురుగా చిన్న ఫ్యాను పెడితే ఇంకా మంచిది.

కమ్మీ బిగింపు:

1. అంగుళంపావు జీఐ పైపు, రెండు పక్కలా, నేల నుంచి 90 సెం.మీ. ఎత్తు. పొట్టివాళ్ళకు 75 దగ్గర ఇంకో అడ్డపైపు.
2. రెండు పక్కల మధ్య 60 సెం.మీ. అంతకంటే వెడల్పైతే మనిషి ఒక చేతినే ఆనిస్తాడు.
3. అడుగున ఒకే ఇనుప చట్రానికి వెల్డింగ్. స్టెప్పర్ కూడా ఆ చట్రానికే బోల్టు. విడివిడిగా ఉంటే తొక్కుతుండగా స్టెప్పర్ ముందుకు పాకుతుంది.
4. ముందువైపు పైపు వద్దు. ముందుకు వంగినవాళ్ళ హెడ్‌సెట్ దానికి కొట్టుకుంటుంది.
5. చట్రం కింద రబ్బరు చాప, 12 మి.మీ.

వెల్డింగ్ రేణిగుంట రోడ్డులోని షెడ్‌లో చేయించాం. కోసిన పైపు కొసలు నున్నగా రుద్దించి, ప్లాస్టిక్ మూతలు వేయించడం మరవొద్దు.

ప్లైవుడ్ పెట్టె 1,450 (వృథా), స్టెప్పర్ 3,200, పైపు, వెల్డింగ్ 2,600, చాప 600.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 32,150

దశ 5: మెట్లు లెక్కపెట్టడం

ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు, బ్లూటూత్ కీబోర్డులా నటిస్తూ ప్రతి మెట్టుకూ ఒక మీట నొక్కినట్టు హెడ్‌సెట్‌కు చెబుతుంది. హెడ్‌సెట్ బ్రౌజర్‌లో తెరిచిన పేజీ ఆ మీటలను లెక్కిస్తుంది. విడిగా యాప్ తయారు చేసే పని తప్పుతుంది.

సెన్సర్‌గా మొదట రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్. లోపల సన్నటి గాజు గొట్టం, స్టెప్పర్ అదురుకు పగిలింది. తర్వాత ఏ3144 హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టే చిన్న చిప్పు), పెడల్‌కు అతికించిన 10 మి.మీ. నియోడిమియం అయస్కాంతం. హాల్ సెన్సర్ దగ్గర మూడు విషయాలు తెలియక చాలామంది సమయం పోగొట్టుకుంటారు:

1. ఏ3144 కు కనీసం 4.5 వోల్టులు కావాలి. ఈఎస్‌పీ32 లోని 3.3 వోల్టుల పిన్నుకు కలిపితే ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తుంది. 5 వోల్టుల పిన్ను నుంచి ఇవ్వాలి.
2. దాని అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే తనంతట తాను వోల్టేజీ ఇవ్వదు. 10 కిలోఓముల రెసిస్టర్‌తో 3.3 వోల్టులకు లాగి కట్టాలి, 5 కు కాదు. బోర్డు పిన్నులు 5 వోల్టులు ఓర్చుకోవు.
3. ఇది దక్షిణ ధ్రువానికే స్పందిస్తుంది. అయస్కాంతం తిరగేసి అతికిస్తే అసలు పలకదు. అతికించే ముందు సెన్సర్ దగ్గర పెట్టి చూసి, పలికిన వైపు పెన్నుతో గుర్తు పెట్టండి.

అయస్కాంతానికీ సెన్సర్‌కూ మధ్య 5 మి.మీ. ఎడం. పెడల్ పక్కకు ఊగే ఆట ఉంటుంది కాబట్టి, బరువైన మనిషి తొక్కినప్పుడు ఎడం పెరిగి కొన్ని మెట్లు లెక్కకు రాలేదు. పెడల్ ఇరుసుకు వాషర్ వేసి ఆట తగ్గించాక వంద తొక్కితే వందా వచ్చాయి.

ఒకే పెడల్‌కు సెన్సర్ పెడితే పిల్లలు ఒక కాలితో చిన్నగా ఊపుతూ కొండ ఎక్కేస్తారు. రెండు పెడళ్ళకూ సెన్సర్లు పెట్టి, ఎడమ తర్వాత కుడి, కుడి తర్వాత ఎడమ వస్తేనే మెట్టుగా లెక్కించాం. ఒక మెట్టు తర్వాత 250 మిల్లీసెకన్ల పాటు వచ్చేవన్నీ వదిలేయాలి.

బోర్డు 450, సెన్సర్లు 60, అయస్కాంతాలు 120, తీగలు, డబ్బా 170.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 32,950

దశ 6: దృశ్యాన్ని మెట్లకు కట్టడం

ఎక్కువ పని పట్టింది ఇక్కడే. మూడు పద్ధతులు మారాయి.

మొదటిది, ప్రతి మెట్టుకూ వీడియోను ఒక సెకను ముందుకు దూకించడం. దూకిన ప్రతిసారీ బొమ్మ అర సెకను బిగుసుకుపోయింది. కారణం, వీడియో ఫైలులో పూర్తి బొమ్మ ఎప్పుడో గానీ ఉండదు. మధ్యలోవన్నీ దాని నుంచి కట్టుకునేవే. వీడియోను కుదించడానికి సాధారణంగా వాడే ఎక్స్264 ఎన్‌కోడర్ తనంతట తాను 250 ఫ్రేములకు ఒకటి పెడుతుంది, అంటే సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఎనిమిది సెకన్లకు ఒకటి. దాన్ని 15 ఫ్రేములకు మార్చి తిరిగి ఎన్‌కోడ్ చేస్తే బిగుసుకోవడం పోయింది, ఫైలు దాదాపు ఒకటిన్నర రెట్లైంది. అయినా దృశ్యం గెంతుతూ పోతుంది. గెంతే దృశ్యాన్ని కడుపు ఒప్పుకోదు.

రెండోది, దూకించకుండా తొక్కే వేగానికి తగ్గట్టు వీడియో వేగాన్ని మార్చడం. గెంతులు పోయాయి. కానీ మనిషి ఆయాసంతో ఆగినప్పుడు వీడియోలోని మనుషులు తేనెలో నడిచినట్టు మందగించి, జెండాలు గాలిలో నిలిచిపోతాయి. మళ్ళీ తొక్కగానే అన్నీ ఒక్కసారి కదులుతాయి. ఆగి మొదలయ్యే ఆ క్షణాల్లోనే ఎక్కువమంది కమ్మీని గట్టిగా పట్టుకున్నారు.

మూడోది, ఇప్పుడు నడుస్తున్నది. కదిలే కెమెరాను పూర్తిగా తీసేశాం. దారి పొడవునా నిలకడ దృశ్యాలు, వాటిని మజిలీలు అంటున్నాం. 20 మెట్లు తొక్కితే అర సెకనులో తెర నల్లబడి, తర్వాతి మజిలీ అర సెకనులో తేలుతుంది. మజిలీలో కెమెరా కదలదు. చూసేవాడు ఎంతసేపైనా ఆగి చూడొచ్చు, గాలి శబ్దం సాగుతూనే ఉంటుంది.

ఇందులో ఊహించని లాభం ఒకటి. కెమెరా కదలదు కాబట్టి చాలా మజిలీలకు వీడియో అవసరమే లేదు, 8కె ఫొటో చాలు. బ్రౌజర్‌లో 5.7కె వీడియో తడబడుతున్న చోట, 7,680 పిక్సెళ్ళ ఫొటో కళ్ళకు కట్టినట్టు నిలబడింది. జెండాలో, నదో, మనుషులో కదిలే మజిలీలకు మాత్రం 20 సెకన్ల వీడియో ముక్క, చివర మొదలుకు కలిసేలా. శబ్దం మాత్రం అన్నిటికీ ఉండాలి. శబ్దం లేని ఫొటో గోడకు తగిలించిన పటమే.

కదలిక తీసేస్తే ఎక్కుతున్న భావన పోతుందేమో అనిపించడం సహజం. పోలేదు. తొక్కే కాళ్ళు ఆ పని చేస్తాయి. నామ్చే బజార్ ఊరి ఎక్కుడుకు ముందు దూధ్ కోసి నది మీద వేలాడే వంతెన మజిలీలో ఒక రిటైర్డ్ మాస్టారు పెడల్ ఆపేశారు. రెండు చేతుల వేళ్ళూ పైపు చుట్టూ బిగిసి, బొటనవేళ్ళ గోళ్ళు తెల్లబడ్డాయి. దృశ్యంలో కదిలింది కింది నీళ్ళు మాత్రమే. "మాస్టారూ, దింపేయమంటారా?" అంటే, "ఉండండయ్యా, గాలి తగ్గనీ" అన్నారు. గదిలో ఫ్యాను గాలి అది.

దశ 7: ఎత్తుల లెక్క

ఒక మెట్టు 15 సెం.మీ. అనుకుంటే లుక్లా నుంచి బేస్ క్యాంపుకు ఎన్ని మెట్లు? రెండు ఎత్తుల తేడా తీసుకుంటే (5,364 లోంచి 2,860) 2,504 మీటర్లు. ఆ లెక్క తప్పుదారి పట్టిస్తుంది. దారి మొదటి రోజే కిందికి దిగుతుంది. లుక్లా 2,860 మీటర్లు, ఫాక్‌డింగ్ 2,610. నామ్చే నుంచి తెంగ్‌బోచేకు ఎత్తుల తేడా 420 మీటర్లే, కానీ మధ్యలో నది దగ్గర ఫుంకీ థంగా దాకా, సుమారు 3,250 కి దిగి, అక్కడి నుంచి 610 మీటర్లు ఎక్కాలి. ఎక్కుళ్ళు మాత్రమే కూడితే 2,944 మీటర్లు, అంటే దాదాపు 19,600 మెట్లు.

ఇక్కడే అలిపిరి అక్కరకొచ్చింది. అలిపిరి దారి 3,550 మెట్లని తిరుపతిలో చిన్నపిల్లలకూ తెలుసు, మోకాలి మెట్టు దగ్గర ఊపిరి ఎలా ఉంటుందో పెద్దలందరికీ తెలుసు. "అలిపిరి మెట్లు అయిదున్నర సార్లు, అదీ సగం గాలితో" అంటే వేరే వివరణ అక్కర్లేదు.

అన్ని మెట్లు ఎవరూ తొక్కలేరు కాబట్టి పదింట ఒక వంతు. ఒక మెట్టు తొక్కితే 1.5 మీటర్ల ఎత్తు. మొత్తం లెక్క, లుక్లా నుంచి కూడుతూ:

- నామ్చే బజార్ (3,440 మీ.): 553 మెట్లు
- తెంగ్‌బోచే (3,860): 960
- దింగ్‌బోచే (4,410): 1,327
- లోబుచే (4,940): 1,680
- గోరక్‌షెప్ (5,164): 1,829
- బేస్ క్యాంపు (5,364): 1,963

అలిపిరి దారిలో రెండు వేల మెట్లు దాటాక గానీ గాలిగోపురం రాదు. దానికి కాస్త తక్కువ శ్రమతో బేస్ క్యాంపు చూపిస్తున్నామన్నమాట.

పలుచని గాలిని గదిలో చూపించలేం. బేస్ క్యాంపు దగ్గర గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు సగం. ముక్కుకు గుడ్డ కట్టడం, మాస్కులతో ఊపిరి బిగించడం లాంటివి ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. దాని బదులు వేగానికి కళ్ళెం వేశాం. నామ్చే దాకా నిమిషానికి 40 మెట్లు, దింగ్‌బోచే దాకా 30, ఆ పైన 20. అంతకంటే తొందరగా తొక్కితే అదనపు మెట్లు లెక్కలోకి రావు. కుర్రాళ్ళు మొదట విసుక్కుంటారు, లోబుచే దాటేసరికి వాళ్ళ అడుగే నెమ్మదిస్తుంది.

ఆరు నిమిషాల్లో లుక్లా నుంచి బేస్ క్యాంపుకు చేర్చే వీడియోలు దాచేసేది ఇంకొకటి ఉంది, విశ్రాంతి రోజులు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకు ఒక రోజు ఎత్తు పెంచకుండా ఆగాలి. పర్వత వైద్యులు చెప్పే నియమం ఇది. పాటించనివాళ్ళకు మెదడులో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మా ఏర్పాటులో యాత్రను ఎనిమిది రోజులుగా విడగొట్టాం. మూడో రోజు నామ్చేలో, ఆరో రోజు దింగ్‌బోచేలో మెట్లు ఉండవు, ఊరు చుట్టూ మజిలీలు మాత్రమే. మెట్లున్న ఒక్కో రోజును రెండు ముక్కలు చేశాం. ఒక్కో ముక్క పది నిమిషాల లోపు, మధ్యలో హెడ్‌సెట్ తీసి అయిదు నిమిషాలు.

బేస్ క్యాంపు చేరినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "శిఖరం ఏదీ?" అని. అక్కడి నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు, ముందున్న కొండ భుజాలు కప్పేస్తాయి. దాని కోసం కాలాపత్తర్ గుట్ట మజిలీ ఒకటి విడిగా కలిపాం. పిల్లలు అడిగే రెండో ప్రశ్న, పూర్ణ ఎక్కింది ఇదే దారా అని. కాదు. మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో శిఖరం చేరింది టిబెట్ వైపు నుంచి. ఆమె ఊరు పాకాల అని చదివి మన పాకాల జంక్షనే అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అది నిజామాబాద్ జిల్లా పాకాల. ఈ రెండూ గోడ మీది పటంలో రాసి పెట్టాం.

దశ 8: ఎండ, చెమట, జనం

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మేడ మీది గది మధ్యాహ్నం వాడటానికి పనికిరాదు. ఉదయం 7 నుంచి 10, సాయంత్రం 6 తర్వాత. ఒక్కొక్కరికీ ఇదే వరస:

1. భోజనం చేసి గంటన్నర కాకుంటే ఆ రోజుకు వద్దు. ఖాళీ కడుపుతోనూ వద్దు.
2. గుండె జబ్బు, మూర్ఛ, తల తిరిగే జబ్బు, ఈమధ్యే మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకు స్టెప్పర్ లేదు. మూర్ఛ ఉంటే హెడ్‌సెట్ కూడా లేదు. మిగతావాళ్ళు కుర్చీలో కూర్చుని చేతి బటన్‌తో మజిలీలు మార్చుకోవచ్చు. నాలుగు కాళ్ళ కుర్చీ కావాలి, తిరిగే కుర్చీ వద్దు.
3. కళ్ళకలక ఉన్నవాళ్ళకు, తగ్గాక కూడా వారం దాకా, ఇవ్వొద్దు.
4. ముందు స్టెప్పర్ ఎక్కించి, కమ్మీ పట్టించి, ఆ తర్వాతే హెడ్‌సెట్ పెట్టాలి. దించేటప్పుడు ముందు హెడ్‌సెట్ తీయాలి.
5. కళ్ళ మధ్య దూరం సరిచేయాలి. క్వెస్ట్ 2 లో 58, 63, 68 మి.మీ. అని మూడే స్థానాలు. అక్షరాలు మసకగా ఉన్నాయంటే ముందు ఇది చూడాలి, తర్వాతే కటకాలు.
6. ఫ్యాను ఎదురుగా, ముఖానికి తగిలేలా. తిప్పడం తగ్గించడంలో ఇది బాగా పనిచేసింది. పైగా ఎదురు ఎటో చూసేవాడికి గాలిని బట్టి తెలుస్తుంది.
7. ఒక మనిషి పక్కనే నిలబడాలి, ఎప్పుడూ. "పెద్దమ్మా, ఎడమ చెయ్యి కమ్మీ మీదే ఉంచండి" అని చెబుతూ ఉండాలి. దృశ్యంలో ఏదో చూపించాలని చెయ్యి వదిలేస్తారు.
8. ఒక్కొక్కరి తర్వాత సిలికాన్ తొడుగును తడి గుడ్డతో, ఆపై పొడి గుడ్డతో తుడవాలి. కటకాలకు పొడి మైక్రోఫైబర్ గుడ్డ మాత్రమే. శానిటైజర్ తగిలితే కటకం పూత పోతుంది.

చెమట వల్ల కటకాలు మసకబారితే తుడుస్తూ కూర్చోవద్దు. హెడ్‌సెట్‌ను రెండు నిమిషాలు ఫ్యాను ముందు ఉంచితే కటకం వేడి, గది వేడి సమానమై అదే పోతుంది.

లెక్క

మొత్తం రూ. 32,950. ఇందులో అట్ట కళ్ళజోళ్ళు 700, ప్లైవుడ్ పెట్టె 1,450 వదిలేసినవి. మళ్ళీ కట్టేవాళ్ళకు రూ. 30,800 సరిపోతుంది. హెడ్‌సెట్ ఉన్నవాళ్ళకు అందులో 22,000 తగ్గుతుంది.

చేతిలో ఉన్న పని

ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ, మచామే దారి. శిఖరం 5,895 మీటర్లు. ఈ దారిలో ఒకే రోజు 4,600 మీటర్ల ఎత్తు దాటి లావా టవర్ దాకా ఎక్కి, రాత్రికి 4,000 లోపున్న బరాంకో క్యాంపుకు దిగుతారు. శరీరం ఎత్తుకు అలవాటు పడటానికి ఆ దిగుడే కీలకం, కాబట్టి దాన్ని వదిలేయలేం. స్టెప్పర్‌కు ఎక్కడమే తప్ప దిగడం తెలియదు. ఎవరెస్ట్ దారిలో దిగుళ్ళకు మెట్లు లేకుండా మజిలీలు వరసగా వదిలాం, లావా టవర్ దగ్గర దిగుడు పొడవు ఎక్కువ కాబట్టి అది సరిపోదు. ఇప్పుడు పరీక్షిస్తున్నది ఇది: దిగుడు మజిలీల్లో మెట్టుకు 1.5 కి బదులు 3 మీటర్లు తగ్గించడం, వేగం కళ్ళెం తీసేయడం, 20 మెట్లకు కాకుండా 10 మెట్లకే మజిలీ మార్చడం. సిలిండర్ల బిగువు తగ్గించే మర ఉన్న స్టెప్పర్ దొరికితే దిగుడుకు అది కూడా వదులు చేసి చూడాలి.